శాంతమ్మ రోజా

మొన్న ఉదయం కోవూరు నుంచి నెల్లూరు వెళ్లే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నామె జడలో ఒకే ఒక్క లేత గులాబీరంగు రోజాపువ్వు ఉంది. పెన్నా వంతెన మీద గాలికి దాని వాసన నా ముఖం మీదికి వచ్చింది. తేనెలో లవంగం నూరినట్టుండే ఆ వాసన నాకు ఒక్క ఇంటి వాకిట్లోనే తెలుసు. అది అల్లూరులో కరుణమ్మ టీచర్ గారిల్లు.

నాకు మొదటి ఉద్యోగం అల్లూరు బడిలో వచ్చింది. కరుణమ్మ గారు అక్కడ పెద్ద సైన్సు టీచరు. ఆవిడ వాకిట్లో ఒక పాత రోజా చెట్టుండేది. వాళ్లమ్మ శాంతమ్మ చర్చి బంగళాలో తోటపని చేసే రోజుల్లో అక్కడి చెట్టు కొమ్మలు తెచ్చి నాటిందట. దాన్ని 'దొరసాని రోజా' అనేవారు. టీచర్ పూలు పెట్టుకునేవారు కాదు. ఆదివారం నాలుగు కోసి చర్చికి తీసుకెళ్లేవారు. ఆవిడను మెప్పించాలని నేనొకసారి నెల్లూరు నర్సరీలో అదే పేరున్న మొక్క కొని తెచ్చాను. నెలకు అది పూసింది. చూస్తే ఇంత పెద్ద ఎర్ర పువ్వు, వాసన లేదు.

"ఇది దొరసాని రోజా అని చూసి తెలుసుకున్నావా, విన్నావా?" అని అడిగారు టీచర్.

"నర్సరీలో ఆ పేరే చెప్పినారు టీచర్."

"అంటే విన్నావు. ఇప్పుడు చూడు."

రెండు పూలూ బల్ల మీద పెట్టి, కాడ, ముళ్లు, రేకలు అన్నీ నా చేత రాయించారు. ఒక్కటీ కలవలేదు.

ఆ చలికాలం నెల్లూరు పూల ప్రదర్శనకు ఆవిడ తన పూలు తీసుకెళ్లారు. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన చీటీ మీది పేరు చదివి, "దొరసాని రోజా ఎర్రగా ఉంటాది కదమ్మా" అని, 'పేరు తప్పు' అని రాసి పక్కన పెట్టించారు. టీచర్ పూలు తీసుకుని బయటికి వచ్చేశారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక మాటన్నారు. "మా అమ్మ అబద్ధం చెప్పిందనే కదా వాళ్ల లెక్క."

తర్వాత చర్చి పాస్టరు గారిని అడిగి, సామాన్ల గదిలో పడున్న, బంగళా తోటలో నాటినవన్నీ రాసిపెట్టిన పాత తోట పుస్తకం బయటికి తీయించారు. సగం చెదలు తిన్న పుస్తకం. మూడు వారాల పాటు సాయంత్రాలు ఇద్దరం దాన్ని చదివాం. మొదటి పేజీల్లో దొరసాని రోజా అంటే 'లేత గులాబీ రంగు, కాడ నిండా నూగుముళ్లు, వాసన మెండు'. చివరి పేజీల్లో అదే పేరుకి 'ఎరుపు, పెద్ద పువ్వు, వాసన లేదు'. రాసినవాళ్లలో ఎవరిది తప్పో నాకు అర్థం కాలేదు. టీచర్ వేలు మధ్య పేజీలో ఒక వరస మీద ఆగిపోయింది. 'తుఫానుకు ఉప్పునీళ్లెక్కి పాత రోజా చచ్చిపోయినది. ఆ పాదులోనే బయటినుండి తెప్పించిన ఎర్ర రోజా నాటించితిమి. పాతదాని కొమ్మలు రెండు అంతకుముందే శాంతమ్మ తీసుకొనిపోయినది.'

చెట్టు మారినా పాదుకు అలవాటైన పేరు మారలేదు. ఆ పేరుతోనే ఎర్ర రోజా ఊళ్లన్నీ తిరిగింది. టీచర్ ఆ వరసను పైకి రెండుసార్లు చదివారు. రెండోసారి వాళ్లమ్మ పేరు కింద వేలు పెట్టి చదివారు.

మరుసటేడు ప్రదర్శనలో ఆవిడ చీటీ మీద పేరు రాయలేదు. చూసినదంతా పది వరసల్లో రాసి, కింద ఆ పేజీ నకలు పెట్టారు. ఆ పెద్దాయనే మళ్లీ వచ్చారు. కళ్లద్దాలు సర్దుకుని అంతా చదివారు. వంగి వాసన చూశారు, ముళ్ల మీద వేలు ఆడించారు. తలెత్తి, "పోయినేడు నేను పేరు చదివినానమ్మా, పువ్వును చూడలేదు. తప్పు నాదే" అన్నారు. పాత రకాల్లో మొదటి బహుమతి దానికే ఇచ్చారు. "ఇప్పుడు దీనికి ఏం పేరు రాయమంటారు?"

"దొరసాని అనే పేరు ఎర్రదానికే ఉండనీండి సార్, జనానికి అలవాటైపోయినాది. దీన్ని కాపాడింది మా అమ్మ. శాంతమ్మ రోజా అని రాయండి."

మైకులో ఆ పేరు చదివినప్పుడు, బహుమతి అందుకోవలసిన మనిషే అందరికంటే ముందు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. నేనూ అరచేతులు మండేదాకా కొట్టాను.

టీచర్ ఇప్పుడు లేరు. అడిగినవాళ్లకల్లా ఆవిడ ఇచ్చిన కొమ్మల్లో ఏదో ఒకటి ఆటోలో ఆమె జడదాకా వచ్చి ఉంటుంది. నేను కోవూరు బడిలో పాఠాలు చెబుతున్నాను. పోయిన నెల, బడి తోటలో నేనే 'నిమ్మ' అని బోర్డు రాయించిన చెట్టు దగ్గర ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆగింది. "మాకు నిమ్మతోట ఉండాది టీచర్. నిమ్మాకు కాడకు ఇంత వెడల్పు రెక్క ఉండదు. ఇది నారింజ" అంది. తరగతి మొత్తం నా వైపు చూసింది. ఆకు తెంపి చూశాను. పిల్ల చెప్పిందే నిజం. ఇరవయ్యేళ్ల అనుభవం పెట్టుకుని తప్పు రాయించినందుకు సిగ్గు పడాల్సింది, కానీ నాకు పట్టరానంత సంతోషం కలిగింది. అందరి ముందూ ఆ బోర్డు పీకి, సరైన పేరు రాయమని బ్రష్షు ఆ పిల్ల చేతికిచ్చాను.