పాట ఉన్న రోజు

మా చెల్లెలు పాపాయి కూతురు విజయరాణి ఇక్కడ మా ఊరు సుంగై సిపుట్‌లో పుట్టి, ఇటలీలో పదహారేళ్లు ఒపెరా పాడింది. నాకు చదువు లేదు గానీ, భజనలో కూర్చోబెట్టి ఆ గొంతును దిద్దింది నేనే. పాట ఉన్న రోజు గొంతు అలిసిపోకూడదని అది ఎవరితోనూ మాట్లాడదు. ఫోన్ చేస్తే గోటితో తడుతుంది. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు.

ఆసుపత్రిలో పాపాయికి జబ్బు ముదిరింది. ఆ సంగతి కూతురికి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుని ఫోన్ కలపమంది. అక్కడ ఆ రోజు పాట.

"ఒక్కపాలి అమ్మా అనవే," అంది పాపాయి.

అవతల గోరు రెండుసార్లు తట్టింది.

"గొంతు దాసుకుంతంది, అక్కా."

"దాసుకోనీ లా. తల్లికన్నా ఎక్కువేటి?" అన్నాను, దానికి వినబడేలాగే.

తెల్లారకముందే పాపాయి పోయింది. మాకు తెల్లారాక, అక్కడ అర్ధరాత్రి పాట ముగించుకుని విజయరాణి ఫోన్ చేసింది. "అమ్మా," అంది. ఫోన్ చెల్లెలి చెవికి ఆనించాను.