వాగు గట్టున బూట్లు విప్పిన రోజులు

మేము వాగు గట్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సన్నటి వాన. నాలుగు లారీలు. వాటి నిండా ఇనుప ప్యానెళ్లు, చెక్కలు, గొలుసులు, తాళ్లు. భూపాలపల్లి దాటాక అడవి దారి. వరదకు పాత కల్వర్టు కొట్టుకుపోయింది. దాని సిమెంటు ముక్కలు, వంకర తిరిగిన చువ్వలు నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవతల ఉన్న ఊళ్లకు దారి తెగింది. మా ఇంజనీర్ల దళానికి వచ్చిన ఆర్డరు చిన్నది. ఇనుప వంతెన వేయండి, బండ్లు నడిపించి చూడండి, వెనక్కి రండి.

నిజానికి పొద్దున్నే చేరాల్సింది. జనగామలో ఆగిపోయాం. తెలంగాణ కోసం సమ్మెలు నడుస్తున్న కాలం. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. మా లారీలు చూసి ఒకామె దగ్గరికొచ్చింది.

"మీ బండ్లు ఇడుస్తం గని, జర తినిపోండ్రి. గీ బూట్లిప్పి కూసో బిడ్డా, బువ్వ ముందట."

నేను బూట్లు విప్పాను. వాన పడి ఆగిన తారు రోడ్డు. పైన తడి, లోపల ఇంకా వేడి. పాదాలు ఆనించగానే ఒళ్లంతా వదులైంది. ఆ రోజు ఏం తిన్నానో గుర్తులేదు. ఆ రోడ్డు వెచ్చదనం గుర్తుంది.

మాది వరంగల్ జిల్లా గూడూరు పక్కన తండా. పదో తరగతి దాకా నాకు చెప్పులు లేవు. ఆర్మీలో చేరాక పన్నెండేళ్లు బూట్లలోనే ఉన్నాను. దళంలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్ణే. అందుకే ఊరివాళ్లతో మాట్లాడే పని కూడా నాకే వచ్చింది. మావాళ్లు మాట్లాడుకునేది హిందీ. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

పని కష్టమైంది. ప్యానెళ్లను పిన్నులతో బిగించి, రోలర్ల మీద అవతలి గట్టు వైపు తోయాలి. ఒక్కో ప్యానెల్ ఎత్తడానికి ఆరుగురు కావాలి. నడుము లోతు నీళ్లలో రోజంతా నిలబడేవాళ్లం. మొదటి వారంలోనే కాలి వేళ్ల మధ్య చర్మం తెల్లబడి ఊడిపోసాగింది. బూట్లు ఆరేవి కావు. మేజోళ్లు పిండితే బురద కారేది.

మా దళంలో నర్సింగ్ అసిస్టెంట్ ఉండేవాడు. కేరళ మనిషి. అందరం డాక్టర్ అనే పిలిచేవాళ్లం. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి పాదాలు చూశాడు.

"సాయంత్రం ఐదు నుంచి ఆరు, అందరూ బూట్లు విప్పి ఇసుక మీద నడవాలి. ఇది ఆర్డరు" అన్నాడు. "తాడు కట్టిన చోటనే. ఆ చువ్వల దగ్గరికి ఉత్త కాళ్లతో ఎవరైనా పోతే సూది నేనే వేస్తాను, మొద్దు సూదితో."

మిలటరీలో నాకు అందిన ఆర్డర్లలో అంత ఇష్టంగా పాటించింది ఇంకొకటి లేదు. ఆ ఇసుక పైపొర గోరువెచ్చగా ఉండేది, మడమ దిగితే చల్లగా తగిలేది. మమ్మల్ని నడిపించే హవల్దారు సాబ్ రాజస్థాన్ ఎడారివాడు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు. ఆ గంటసేపు మాత్రం కళ్లు మూసుకుని మెల్లగా నడిచేవాడు.

"మా ఇసుక మధ్యాహ్నం పూట మనిషిని పరిగెత్తిస్తుంది. ఇది నిలబడమంటోంది" అన్నాడు ఒకసారి.

తాడు లోపలి ఇసుక నాకు చాలలేదు. మెల్లగా తాడు దాటాను. గట్టు వెనక నల్లరేగడిలో బురద వేళ్ల సందుల్లోంచి పైకి ఉబికొస్తుంటే చిన్నప్పటిలా నవ్వొచ్చింది. డీజిల్ కోసం భూపాలపల్లి పోయినప్పుడు లారీ దిగి, రోడ్డు పక్కన పేరుకున్న బొగ్గు పొడిలో నడిచాను. పౌడరంత మెత్తన. అరికాళ్ల నలుపు ఎంత రుద్దినా వదల్లేదు. ఆ సాయంత్రమే డాక్టర్‌కు దొరికిపోయాను. పల్లేరు కాయలు కూడా దిగాయి. పొలం గట్టు మీద నత్తగుల్ల కోసింది. ఒకసారి జలగ పట్టుకుంది. వాటన్నిటికీ ఉప్పు, అయోడిన్, తిట్లు కలిపి వైద్యం జరిగింది.

కొంరవ్వ పరిచయమైంది అప్పుడే. అవతలి ఊరావిడ. నీళ్లు తగ్గిన రోజుల్లో వాగు దాటి కూలికి వచ్చేది. కల్వర్టుకు కాస్త దిగువన నీళ్ల కింద పెద్ద బండ ఒకటి ఉంది. దాని మీదుగా చెప్పులు చేతబట్టుకుని దాటేది.

"ఏంది కొడుకా, కాళ్లు గట్ల తెల్లగైనయ్?" అని అడిగింది నన్ను.

"నీళ్లల్ల నానినయ్ అవ్వా."

"మా బిడ్డకు నెలలు నిండినయ్. నీ బిరిజి ఎప్పటికైతది?"

"పది రోజులు పట్టేటట్టుంది."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. చెప్పులు చేతబట్టుకుని వాగులోకి దిగింది.

ఆ మాట జరిగిన ఐదో రోజు పొద్దున పైన ఎక్కడో వాన దంచింది. వంతెన ముక్కు అవతలి గట్టుకు ఇంకా అందలేదు. అవతల కాపలా ఉన్న మా జవాను వైర్‌లెస్‌లో పిలిచాడు. అతను రెండు, మేము ఒకటి.

"రెండు నుంచి ఒకటికి. మంచం మీద ఆడమనిషిని తెచ్చారు. నొప్పులు. ఓవర్."

"నీళ్లెంత? ఓవర్."

"బండ మీద తొడ దాకా. పెరుగుతున్నాయి. ఓవర్."

హవల్దారు సాబ్ తాడు ఈ గట్టున చెట్టుకు కట్టించి, రెండో కొస వంతెన ముక్కు మీంచి అవతలి జవానుకు విసిరించాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాం. ఆ రోజు తెలంగాణ బంద్. అయినా బంద్ చేసేవాళ్లే దారిలో అడ్డంగా పెట్టిన బండ్లు తీసి పంపిస్తున్నారని అంబులెన్సు డ్రైవరు చెప్పాడు. నలుగురం దిగాం. పది అడుగులు వేయకముందే ఇద్దరు జారారు. తాడు ఉంది కాబట్టి ఆగారు. బండంతా పాకుడు. బూటు అడుగున ఏముందో తెలియడం లేదు.

"సాబ్, బూట్లు విప్పుతాం" అని అరిచాను.

ఆయన డాక్టర్ వైపు చూశాడు. డాక్టర్ తల ఊపాడు.

ఉత్త కాళ్లతో వెళ్లాం. వేళ్లు వంచి బండను పట్టుకుంటూ, ఒక పాదం కుదిరాకే రెండోది ఎత్తుతూ అవతలికి చేరాం. మంచం మీద కొంరవ్వ కూతురు పళ్లు బిగించి ఉంది. మంచాన్ని భుజాలకెత్తుకున్నాం. కొంరవ్వ తాడు పట్టుకుని మా వెనకే దిగింది.

సగం దాటాక నా ఎడమ అరికాలు కింద ఏదో చల్లగా తగిలింది. ఎప్పుడు కొట్టుకొచ్చిందో, కల్వర్టు చువ్వ. బరువు మోపేశాను. అది లోపలికి దిగింది. ముందర నా పక్కనే కుడివైపు మోస్తున్న మా లారీ డ్రైవరు నా మొహం చూశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. నడువ్."

కాలు పైకి లాగాను. నీళ్లు ఎర్రబడి, వెంటనే కొట్టుకుపోయాయి. మంచం మీద ఆమె చెయ్యి నా జుట్టు పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా లాగేది. ఆ లాగుడుకు కాలి నొప్పి మరిచాను. గట్టెక్కి మంచం దించాక కూలబడ్డాను. అంబులెన్సు ఆమెను ఎక్కించుకుని కదిలింది.

కొంరవ్వ అంబులెన్సు తలుపు పట్టుకుని నా కాలు చూసింది.

"నువ్వు గూడ దవాఖానకు రా బిడ్డా."

"మా డాక్టరుండు అవ్వా. నువ్వు పో."

డాక్టర్ కుట్లు వేశాడు. అంతసేపూ తిట్టనే లేదు. అందుకే భయమేసింది. రెండో రోజుకు పాదం ఉబ్బింది, జ్వరం వచ్చింది. తగ్గకపోతే సికింద్రాబాద్ మిలటరీ ఆసుపత్రికి పంపాలని, వేళ్లు పోవచ్చని హవల్దారు సాబ్‌తో అతను గుసగుసగా అనడం విన్నాను. మూడో రోజు జ్వరం దిగింది. హవల్దారు సాబ్ టీ గ్లాసుతో డేరాలోకి వచ్చి నా కాలి వేళ్లు ఒక్కొక్కటే గిల్లి చూశాడు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది సాబ్."

"అయితే లేచి ప్యానెళ్లు మొయ్" అన్నాడు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

వంతెన పూర్తయింది. లారీలు వెనక్కి తిరిగాయి. నాకు సెలవిచ్చి వరంగల్‌లో దింపారు. బంద్ లేని రోజు చూసుకుని గూడూరు బస్సెక్కాను. అమ్మను మేము యాడి అంటాం. యాడి నా పాదం ఒళ్లో పెట్టుకుని కుట్లు తడిమింది. "ఇంత మందం తోలు ఇచ్చి పంపితిని. ఏడ పోగొట్టుకొచ్చినవ్?" అంది మా భాషలో.

ఆ తర్వాత మంచులో చేశాను, సరిహద్దులో చేశాను. మిలటరీలో ఏం చూశావని మీరు అడిగినప్పుడు అవి చెబుతాననుకుంటారు. నాకు కనిపించేది మాత్రం మేము బయలుదేరే ముందటి రోజు ఉదయం. వంతెన మీద ఇంకా బండ్లు వదల్లేదు. దవాఖాన నుంచి వచ్చిన ఆటో ఈ గట్టునే ఆగింది. కొంరవ్వ, ఆమె కూతురు, తువాలలో చుట్టిన పాప దిగారు. హవల్దారు సాబ్ చెయ్యి ఊపి వెళ్లమన్నాడు. కొంరవ్వ చెప్పులు విడిచి వంతెన ఎక్కింది. నాలుగడుగులు వేసి ఆగి, వంగి, తువాల కొస తొలగించి, పాప పాదాలను కొత్త చెక్కకు మెల్లగా ఆనించింది. చెక్క రాత్రి మంచుకు తడిసి ఉంది. ఎర్రటి ఆ చిన్న అరికాళ్లు చల్లదనం తగలగానే వేళ్లన్నీ విప్పుకుని, చటుక్కున పైకి ముడుచుకున్నాయి.