మూడో పిన్ను

జగ్గయ్యపేటలో ఎక్కిన బస్సులో, కాళ్ల దగ్గర నీళ్ల మోటారు పెట్టుకున్న ఒక మెకానిక్ నా పక్కన కూర్చున్నాడు. ఇంట్లో పాత కంప్యూటర్‌కే ఎలక్ట్రిక్ గిటార్ తగిలించి చవగ్గా రికార్డు చేస్తున్నామని గొప్పలు చెప్పాను.

"రికార్డులో హోరు రాదాండీ?"

"తీగలు పట్టుకుంటే ఆగిపోతుందండి. వేళ్లు కాస్త చిమచిమలాడతాయి."

"ప్లగ్గుకి మూడో పిన్నుందా?"

"మా బోర్డుకి రెండే కన్నాలండి. మూడోది విరగ్గొట్టేశా."

ఆయన నవ్వలేదు. "అయితే ఎర్తు మీరేనండి. కరెంటు మీలోంచే నేలలోకి దిగుతోంది."

నా ఇంజనీరింగ్ డిగ్రీ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ సమయంలో ఇంట్లో వాయిస్తున్నది మా చెల్లెలు. రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆయన నా మణికట్టు పట్టుకుని, "మళ్లీ చెయ్యండి" అన్నాడు. మళ్లీ నొక్కాను.

ఈసారి ఎత్తింది. "మంచి టేకు చెడగొట్టావు కదరా అన్నయ్యా!"

ముందు ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపించి, ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. నందిగామ దాకా ఇద్దరం ఆ తిట్లు శ్రద్ధగా విన్నాం.