అమ్మ ఆపిన మాత్ర

మా అమ్మకు కీళ్ళవాతం. పొద్దున లేచేసరికి చేతివేళ్ళు వాచి బిగుసుకుపోయేవి. పట్టుగూళ్ళు విడిపించే రోజుల్లో ఆ వేళ్ళను ఆమె తిట్టని తిట్టు లేదు. చిక్కబళ్ళాపురం డాక్టరమ్మ ఇచ్చిన మాత్రతో వాపు దిగింది. గూళ్ళు చకచకా ఏరి, శిడ్లఘట్ట మార్కెట్టుకు తానే బయలుదేరేది. ఆ మాత్రల డబ్బాను దేవుడి పటం పక్కన పెట్టుకుంది.

నిరుడు వేసవిలో ఆమె నుదుటి మీద, కుడికంటి పైన నీటిపొక్కులు లేచాయి. ఊళ్ళోవాళ్ళు చూడగానే అక్కి అన్నారు. జాజు అనే ఎర్రమట్టితో పొక్కుల మీద సింహం బొమ్మ రాయిస్తే మానుతుందని మా వైపు నమ్మకం. కన్ను ఎర్రబడడం చూసి నాకు భయం పుట్టింది. అమ్మను బలవంతంగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ ఓపికగా చెప్పింది. "చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసింది కదమ్మా, ఆ వైరస్ నరంలోనే దాక్కోనుండాది. శత్రువు వస్తే ఒంట్లో కణాలు ఒకదాన్నొకటి కేకేసి పిలుచుకుంటాయి. మీ కీళ్ళలో ఊరికే కేకలు పెడతాండాయని ఈ మాత్రతో నోరు మూయించినాం. వైరస్‌ను అణచేదానికీ ఆ కేకలు కావాల. అవి తగ్గేసరికి ఇది లేచింది."

వైరస్‌కు మందు వెంటనే మొదలుపెట్టి, పాత మాత్ర కొన్నాళ్ళు ఆపమంది. కన్ను దక్కుతుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేనంది.

"ఆపితే వేళ్ళు మళ్ళీ వాస్తాయి కదా?" అంది అమ్మ.

"వాస్తాయమ్మా."

"వాస్తే వాచనీలే. కన్నుంటే వేళ్ళ సంగతి నేను చూసుకుంటా."

వేళ్ళు వాచాయి. అన్నం కలుపుకోలేకపోతే నేనే తినిపించాను. అంత నొప్పిలోనూ ఆమె నోట ఒక్క తిట్టు రాలేదు. ఎందుకని అడిగాను.

"ఇన్నాళ్ళూ కీళ్ళలో ఆ కణాలు పనిలేక అరుస్తాండాయనుకొంటి. పాపం, లోపల కాపలా కూడా అవే కాస్తాండాయంట."

వాపు వచ్చినంత మాత్రాన కన్ను బాగవుతున్నట్టు కాదని డాక్టరమ్మ ఫోనులో హెచ్చరించింది. ఆ మాట నేను అమ్మకు చెప్పలేదు. ఆమె ధైర్యం చూస్తే నాకు గర్వంగా ఉండేది, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ ఫోను మాటే గుర్తొచ్చేది.

మందులు పూర్తయ్యాక మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ తన చేత్తో అమ్మ ఎడమకన్ను మూసి, ఎదురుగా ఏం కనిపిస్తాందని అడిగింది. ఎదురుగా నిలబడి ఉన్న నా వైపు అమ్మ కుడికన్ను చికిలించింది.

"మా పాప," అంది అమ్మ. "ఏడుస్తాండాది."