ఆరో గెలుపు

మా దైవాశీర్వాదం గారి అబ్బాయి జూడ్ ఫుట్‌బాల్ కోచ్ అని చెబితే కొత్తవాళ్ళు ఒకటికి రెండుసార్లు అడుగుతారు. అమెరికాలో మా బెంటన్‌విల్ చుట్టుపక్కల మన పిల్లల్లో కంప్యూటర్ ముందు కూర్చోకుండా జీతం తీసుకునేవాడు నాకు తెలిసి వీడొక్కడే. సండే స్కూల్లో వాడికి పాఠాలు చెప్పినదాన్ని, వాడి గురించి మాట్లాడే హక్కు నాకుంది.

ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే ఆట. కాలేజీలో జూడ్ అందులో క్వార్టర్‌బ్యాక్. అంటే కేక వేసి ఆట మొదలుపెట్టి, బంతి అందుకుని, ఎవరికివ్వాలో రెప్పపాటులో తేల్చేవాడు. మూడో ఏడు భుజం కీలు జారింది. రెండు ఆపరేషన్లయ్యాక డాక్టర్ ఇక బంతి విసరవద్దన్నాడు. ఇంకొకడైతే మంచమెక్కేవాడు. వీడు చేతికి కట్టుతోనే వెళ్ళి, తన స్థానంలోకి వచ్చినవాడికి తనకు తెలిసిందంతా నేర్పాడు. కోచింగ్ అలా పట్టుకుంది. పన్నెండేళ్ళు అసిస్టెంట్‌గా ఊళ్ళు తిరిగాక, రెండు గంటల దూరంలోని ఒక చిన్న కాలేజీకి హెడ్ కోచ్ అయ్యాడు. ఓడిపోవడం అలవాటైన టీము అది. ఒక్కొక్క ఆటగాడి ఇంటికీ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, తల్లిదండ్రులతో మాట్లాడి తెచ్చుకున్నాడు. చదువులో వెనకబడితే ఎంతటి మొనగాడినైనా ఆడనిచ్చేవాడు కాదు. ఇవన్నీ ఆ పిల్లల తల్లులు చెప్పగా విన్నాను. తన గొప్ప తాను చెప్పుకునే రకం కాదు వాడు.

దైవాశీర్వాదం గారు మాత్రం కొడుకు ఆట ఒక్కటీ చూడలేదు. ఆటలు శనివారం, మా చర్చి క్వయర్ ప్రాక్టీసూ శనివారమే. అది సాకని అందరికీ తెలుసు. ఎదిగిన మనిషి బంతితో బతకడమేమిటని ఆయన బాధ.

పోయిన ఏడాది కాలేజీవాళ్ళు జూడ్‌కి ఖండితంగా చెప్పేశారు. ఈ సీజన్‌లో ఆరు ఆటలు గెలవకపోతే కాంట్రాక్ట్ పొడిగించరట. ఆఖరి ఆట నాటికి ఐదు గెలిచాడు. అప్పటికి తండ్రి మనసు కరిగింది. డోలక్, కంజీరలతో సహా క్వయర్ మొత్తాన్ని మూడు వ్యాన్లలో ఎక్కించారు.

ఆఖరి నిమిషం. నాలుగు పాయింట్లు వెనకున్నాం. బంతి మనది, ఇంకా రెండు గజాలు దాటితే గెలుపు, ఉన్నది ఒక్క అవకాశం. మేమంతా కంచె దగ్గరికి పరుగెత్తి గొంతులు చించుకుని పాడాం. ఆ హోరులో మా క్వార్టర్‌బ్యాక్ కేక తోటివాళ్ళకి వినబడలేదు. ఒకడు ముందే కదిలాడు. శిక్షగా ఐదు గజాలు వెనక్కి జరిపారు. ఆ తర్వాత విసిరిన బంతి నేలపాలైంది, ఆటా పోయింది.

పక్కనున్న తెల్లాయన మర్యాదగానే చెప్పాడు. బంతి మనదైనప్పుడు జనం ఊపిరి బిగబట్టుకోవాలట. అరవాల్సింది ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నప్పుడట. గట్టిగా పాడనివాడికి భక్తి తక్కువనుకునే జాతి మాది, ఇక్కడా అదే చేశాం.

పార్కింగ్‌లో జూడ్‌ని పక్కకి పిలిచి, తప్పు మాదేనని కాలేజీవాళ్ళకి నేనే చెబుతానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు.

"వద్దు ఆంటీ," అన్నాడు. "నాయిస్‌లో ఎలా ఆడాలో నేను నేర్పాలి. నేర్పలేదు. కాలేజీ ప్రెసిడెంట్‌కి అదే చెప్పేశాను."

తప్పు మా మీదికి నెట్టి ఉంటే ఇంకో ఏడాది ఇచ్చేవారేమో, ఆ మాటతో ఉద్యోగం చేజేతులా వదులుకున్నాడని నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంతలో దైవాశీర్వాదం గారు వచ్చారు. చొక్కా చెమటతో తడిసి, గొంతు బొంగురుపోయింది. పాపం, ఆయనకేమీ తెలియదు.

"ఓడితే ఓడావులేరా. మేం మాత్రం పాట ఆపలేదు. నీకు వినబడిందా?"

జూడ్ నా వైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అదే మొదటిసారి కావచ్చు.

"వినబడింది డాడీ. బాగా వినబడింది."

"ఈ కాలేజీ కాకపోతే ఇంకోటి. ఫస్ట్ గేమ్ ఎప్పుడో చెప్పు, వ్యాన్లు నేను బుక్ చేస్తా."

జూడ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్తాను డాడీ. అందరూ రండి. ఇలాగే గట్టిగా పాడండి."