మేకపిల్ల గొంతుతో ట్రైనింగు

దొంగలు కమ్మలు ఎత్తుకుపోతారు, కోళ్లు ఎత్తుకుపోతారు. నా గొంతు ఎత్తుకుపోతారని భయపడి, ఉన్న మరియాద అంతా నేనే పారపోసుకొన్న కత ఇది. నవ్వేవాళ్లు ముందే కొంచెం నవ్వి పెట్టుకోండి, తరవాత ఊపిరాడదు.

మాది అరవం మాట్లాడే సీమలో పోదనూరు. మా ఆయన పోయినాక ఒక ఆసుపత్రిలో నేల తుడిచే పనికి చేరితిని. మోకాళ్లు అరిగిపాయ. అప్పుడు సూపర్‌వైజర్ పని ఒకటి ఖాళీ పడె. అదొస్తే వంగి తుడవక్కర్లేదు, నిలబడి పని చెప్తే చాలు. చెప్పేదానికి గొంతు కావాల కదా? నాకి ఉండాది. ఎండిన కొబ్బరిమట్టని తారురోడ్డు మీద ఈడ్చినట్టుంటాది, అయినా ఉండాది.

"గొంతుంటే చాలదమ్మా. నలుగురిలో ధైర్యంగా, పద్ధతిగా మాట్లాడేది నేర్చుకోవాల. ట్రైనింగుకి పో, కడకి నేనే వచ్చి చూస్తా," అనె మేనేజరు.

ఆ సంగతి పోయి పక్కింటి మరియమ్మకి చెప్తిని.

"అయ్యో అక్కా, పోవద్దు! ఇప్పుడు దొంగలు మన గొంతుని ఫోన్‌లో పట్టుకొని, మన మాదిరే మాట్లాడి, మన బిడ్డల దగ్గర డబ్బు లాగేస్తారంట. మాట్లాడేది కూడా ఒకరు నేర్పిస్తారా? మన అమ్మ నేర్పించలే?"

ఆ మాట నా కడుపులో పడి దోసెపిండి మాదిరి తెల్లారేతలికి పొంగిపాయ.

ట్రైనింగు సారు మొదట చేసిన పని ఏమనుకొంటిరి? ఫోన్ తీసి నా నోటి ముందర పెట్టె!

"పేరు, చేసే పని చెప్పండమ్మా. పట్టి పెట్టుకొంటా. కడకి ఎంత మారినారో వినొచ్చు."

పట్టి పెట్టుకొంటాడంట! గుమ్మడికాయల దొంగంటే దొంగ భుజాలు తడుముకొంటాడంటారు. ఇక్కడ ఆయన నిమ్మళంగా ఉండాడు, నేను గుమ్మడికాయని దాచుకొంటా ఉంటిని. గొంతంతా లోపలికి మింగి, ముక్కు కొసతో, "నా పే...రు ర...త్నమ్మ," అంటిని. వానలో తడిసిన మేకపిల్ల మాదిరి వచ్చె.

నాతోకూడా తుడిచే సుగుణ గిర్రున తిరిగె. "అక్కా, ఒంట్లో బాగలేదా?"

"నోర్ముయ్యే," అంటిని. అదీ మేకపిల్ల గొంతుతోనే.

పాపం ఆ సారు! కడుపునుంచి ఊపిరి తీయమనె, నోరు మూసి "మ్మ్" అని మోగించమనె. గొంతుకి మంచిదని వేడినీళ్లిచ్చె. సుగుణ తాగి బతికుండేది చూసినాక నేను తాగితిని. అందరి గొంతూ లావాయె. నా మేకపిల్ల మాత్రం కొంచెం పెద్ద మేకపిల్ల ఆయె.

కడపటి రోజు మేనేజరు వచ్చి కూచొనె. పని కండ్ల ముందర ఉండాది, మోకాళ్లు సలుపుతా ఉండాయి. దొంగ భయం ఎటు పాయనో! మైకు పక్కకి తోసి, "వణక్కం! తడి నేల మీద బోర్డు పెట్టకుండా పోయేవాళ్లు రేపటినుంచి నాకి జవాబు చెప్పాల!" అంటిని. కిటికీలో పావురాలు లేచిపాయ.

సారుకి కండ్లలో నీళ్లు తిరిగె. "ఇట్లాంటి మార్పు నా జన్మలో చూడలేదు సార్! ముందు ఎట్లుండెనో వినండి," అని ఫోన్ మోగించె. నా పే...రు ర...త్నమ్మ.

మేనేజరు ఫోన్‌ని చూసె, నన్ను చూసె. "ఎన్నమ్మా ఇదు? ఇది నీ గొంతు కాదు. ఫోన్‌లో ఎవురితో మాట్లాడించితివి? మోసం చేసే మనిషికి సూపర్‌వైజర్ పని ఎట్లా ఇచ్చేది?"

చూస్తిరా? ఊరంతా దొంగలని వెతికితే, కడకి దొరికిన దొంగ నేను!

"నాదే సార్! మా ఆయన మీద ఒట్టు!"

"అయితే అట్లే మాట్లాడి చూపించు."

ఏమి చేసేది? అంతమంది ముందర చేతులు కట్టుకొని, "నా పే...రు ర...త్నమ్మ," అని అరిస్తిని. సుగుణ కుర్చీలోనుంచి జారి కింద పడె.

సారు మాత్రం నవ్వలే. "ఎందుకమ్మా ఇట్లా చేస్తిరి?" అనె.

"మీరు గొంతు దొంగ అనుకొంటిని సార్."

ఆయన మొహం నీళ్లు పోసిన పొయ్యి ఆయె.

పనైతే వచ్చె. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకి నోళ్లు రెండాయె, ఊరంతా మేకలాయె. ఇప్పటికీ వార్డులో ఒక మాట గట్టిగా అంటే, ఏదో మూలనుంచి "మే..." అని వస్తాది.

ఉడుమలైపేటలో ఉండే నా కొడుక్కి చెప్తే వాడు ఏమనె? "ఎందుకుమా భయం? నిజంగా నువ్వడిగినా నేను డబ్బియ్యను, దొంగ అడిగితే ఇస్తానా?"

అందుకని చీపురు మీద చెయ్యి పెట్టి ఒట్టేసి చెప్తాండాను: ఇంక నా గొంతు ఎవురికీ దాచను. దొంగ నాయనా, వచ్చి పట్టుకొని పో. నా కొడుకు దగ్గర ఏమన్నా లాగగలిగితే, నాకి సగం పంపు.