కూలిన ఇళ్ళు చూడబోతే

నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు, ఎనభైల చివర్లో, ఒక వేసవి తుఫాను నూజివీడు తోటల మీద పడింది. సముద్రం మాకు దూరమే. గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మర్నాడు పొద్దున్న చూస్తే చెట్టున ఉండాల్సిన కాయంతా నేల మీద ఉంది. రాలిన కాయ ఆవకాయకు పనికిరాదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకని ఊరు ఊరంతా ఆ కాయని పప్పులో వేసింది, పులుసులో వేసింది, మిగిలింది ముక్కలు కోసి డాబాల మీద ఎండేసింది. పది రోజులపాటు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా మామిడికాయ పప్పే. వద్దంటే బాధపడతారని రెండోసారి కూడా వడ్డించుకునేవాణ్ణి.

నేను సహాయ పనుల గుమాస్తాని. కొత్తగా మండలాలు ఏర్పడిన రోజులు. మా ఆఫీసులో కుర్చీలు తక్కువ, కాగితాలు ఎక్కువ. అందరిలోకి చిన్నవాణ్ణి, పైగా సొంత సైకిలున్నవాణ్ణి కాబట్టి ముసునూరు వైపు పేటలన్నీ నా నెత్తిన పెట్టారు. పని చెప్పడానికి తేలికే. ఏ ఇల్లు కూలిందో కళ్ళారా చూసి జాబితా రాయాలి. ప్రతి పేరు పక్కనా 'స్వయంగా చూసితిని' అని సంతకం పెట్టాలి. జాబితాలో ఉన్నవాళ్ళకి బియ్యం వస్తాయి, లేనివాళ్ళకి రావు. ఆ వయసులో సంతకం పెట్టడమంటే నాకు మహా సరదా.

వాటిలో ఒక పేట ఉంది. అక్కడివాళ్ళంతా తోటల్లో కాయ కోసే కూలీలు, ఇళ్ళన్నీ తాటాకు పాకలే. కాయ రాలిపోయిందంటే ఆ ఏడు కోత లేదు, కోత లేకపోతే కూలి లేదు. వానలు పడి వరినాట్లు మొదలయ్యేదాకా ఆ బియ్యమే ఆధారం. పేటలో ఒక్క ఇల్లు మిగల్లేదని కబురొచ్చింది. ఎల్లుండి ఇళ్ళు చూడ్డానికి వస్తున్నాను, అందరూ ఇళ్ళ దగ్గరే ఉండండి అని నేను తిరుగు కబురు పంపాను. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను కూడా. మనుషులు దొరికితే ఒక్క పూటలో పని తెమిలిపోతుంది కదా.

తీరా వెళ్ళి చూద్దును కదా, పేటలో కూలిన ఇల్లు ఒక్కటీ లేదు. అన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. వాకిళ్ళు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గులు పెట్టారు. నులకమంచం వాల్చి, దుప్పటి పరిచి, నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. రెండు రోజులు ఆడా మగా కలిసి ఒళ్ళు హూనం చేసుకుని ఇళ్ళన్నీ లేపేశారట. ఆఫీసు నుంచి మనిషి ఇళ్ళు చూడ్డానికి వస్తుంటే ఇళ్ళు లేకుండా ఎలాగండీ అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూలిన ఇల్లు కళ్ళబడితేనే బియ్యమని అరిచాను. పోనీ రేపు జాబితా సరిచూడ్డానికి మా ఆఫీసరు వచ్చి వెళ్ళేదాకా కప్పులు దించి పక్కన పెట్టుకోమన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అప్పుడు పేట చివరింటి మామ్మ నోరు విప్పింది. డెబ్భై దాటిన మనిషి. నా అన్నవాళ్ళెవరూ లేరు. రాలిన కాయ ఏరే కూలి తప్ప వేరే ఆధారం లేదు.

"నిలబెట్టిన నిట్రాడిని చేతులారా పడగొట్టుకుంటామా బాబూ? గాలి చేసిన పని మనమూ చేస్తే ఇంక గాలినేం తిడతాం?"

సైకిలెక్కాను. ముసునూరు దాకా వాళ్ళని తిట్టుకుంటూ తొక్కాను. ముసునూరు దాటాక నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెట్టాను. నూజివీడు వచ్చినా అది పూర్తికాలేదు.

మర్నాడు ఆఫీసరు గారి జీపులో మళ్ళీ వెళ్ళాను. ఆయన మంచివాడే గాని చూడనిది నమ్మడు. పప్పులో ఉప్పు తక్కువైందని వండినావిడే చెప్పినా, రుచి చూశాకే ఒప్పుకునే రకం. మొదటింటి ముందు నిలబడి రాటని గోటితో గీరాడు. పచ్చిగా జిగురు అంటింది. మామిడి కొమ్మ. పక్కింటి రాటా మామిడి కొమ్మే. తాటాకు చాలక కప్పు మీద పరిచిన మామిడి రెమ్మలు పూర్తిగా వాడనైనా లేదు. మామిడి కర్ర చెదలకి పలహారం, గతిలేకపోతే తప్ప దానితో ఎవరూ ఇల్లు కట్టరు. విరిగిపడ్డ చెట్ల కొమ్మలు నరికి నిలబెట్టుకున్నారని తోటల మధ్య పెరిగిన ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. పచ్చి రాట చూస్తే పడిన ఇల్లు చూసినట్టేనని అన్నీ రాసుకోమన్నాడు. నేను సంతకాలు పెడుతూ గాలిలో తేలిపోతున్నాను.

చివరింటి దగ్గర ఆయన ఆగాడు. గట్టి తాటి వాసాలు, పొగచూరిన పాత తాటాకు. మామిడి పుల్ల ఒక్కటి లేదు.

"ఇది పడలేదే" అన్నాడు.

పేటవాళ్ళు అందరూ ఒకేసారి చెప్పబోయారు. ఆ వయసులో మామ్మకి మళ్ళీ మళ్ళీ ఇల్లు కట్టుకునే ఓపిక ఉండదని, ఎవరింట్లో విరగని వాసం మిగిలితే దాన్ని, చెడని తాటాకు మిగిలితే దాన్ని తెచ్చి ముందు ఆవిడ ఇల్లు లేపారట. ఆ తరవాతే తమకోసం మామిడి కొమ్మలు నరుక్కున్నారట. ఆఫీసరు అంతా విని నా వైపు తిరిగాడు.

"అదంతా సరేనయ్యా. పడి ఉండగా నువ్వు చూశావా?"

లేదండి అన్నాను. ఉన్నమాటే చెప్పాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, వేరే మాట నోటికి రాలేదు. ఆయన నా చేతిలోని జాబితా తీసుకుని, ఆవిడ పేరు కొట్టేసి జీపు వైపు నడిచాడు.

ఆవిడ మొహం చూసే ధైర్యం లేక నేనూ వెనకే బయల్దేరాను. ఆవిడే నన్ను ఆపింది. ఏదో సర్దిచెప్పబోతే వినలేదు. తన ఇంటిని పైనుంచి కిందదాకా ఒకసారి చూసుకుంది.

"మావోళ్ళు ఎంత బాగా కట్టారో చూడు బాబూ. అంత పెద్దాయన కూడా పడిన ఇల్లని కనిపెట్టలేకపోయాడు."

వానల దాకా ఏం తింటావని అడగలేకపోయాను. పరుగెత్తి జీపు దగ్గరికి వెళ్ళేసరికి ఆఫీసరు ఒక కాలు లోపల పెట్టాడు.

"చూశానండి" అన్నాను.

ఇప్పుడే కదయ్యా లేదన్నావు అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చిందండి అన్నాను. ఆయన నా భుజం మీదుగా చూశాడు. నా వెనక పేటంతా కదలకుండా నిలబడి ఉంది. చివరికి జాబితా నా చేతిలో పెట్టి, ఆ పేరు మళ్ళీ రాసి సంతకం చేయమన్నాడు.

జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని రాశాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో తెలిసి తెలిసి నేను రాసిన అబద్ధం అదొక్కటే. అందులోనూ ఆవిడ ఇల్లు కూలిందన్నది నిజం. నేను చూశానన్నదే అబద్ధం.